మలావి వెళ్లేలోగా: విశాఖ నుంచి సోంపేట దాకా ఆరు రోజులు

మొదటి రోజు, వన్‌టౌన్

మా అమ్మాయి నర్సు. ఆఫ్రికాలో మలావి దేశంలో, ఒక పల్లెలో ఉన్న మిషన్ ఆసుపత్రిలో రెండేళ్లు పనిచేయడానికి ఒప్పుకుంది. టికెట్ వచ్చేసింది. టీకాలన్నీ వేయించుకుంది. ఇంకా ఇరవై రోజులు ఉందనగా ఒక రాత్రి అన్నం తింటూ అడిగాను. "అమ్మా, నువ్వు వెళ్లేది పరాయి దేశపు పల్లెకి. రెండొందల ఏళ్ల కిందట ఇలాగే పరాయివాళ్లు మన పల్లెలకి వచ్చారు. వాళ్లు చేసినదాంట్లో ఏది నిలిచిందో ఒకసారి చూసి వెళ్దువుగాని, నాతో ఆరు రోజులు రా." తను అప్పటికే ఉద్యోగం మానేసి ఇంట్లోనే ఉంది. సరే నాన్నా అంది. వాళ్లమ్మ మోకాళ్ల నొప్పులతో రాలేనని పులిహోర కట్టి ఇచ్చింది.

నిజానికి నేను అలా అడగడానికి ఇంకో కారణం ఉంది. అది నాలుగో రోజు దాకా తనకి చెప్పలేకపోయాను.

ఓల్డ్ పోస్టాఫీసు దగ్గర బస్సు దిగి నడిచాం. వన్‌టౌన్ సందులు ఎప్పుడు వెళ్లినా నాకు ఒకేలా ఉంటాయి. ఎండుచేపల వాసన, పాత పెంకుటిళ్లు, మధ్యలో హార్బరు నుంచి సైరను. రాస్ హిల్ మెట్లు ఎక్కేసరికి నాకు ఆయాసం వచ్చింది. మూడు గుట్టలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మీద మేరీమాత గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి. కింద కాలువలోంచి ఓడ లోపలికి వస్తోంది. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్.

"1805లో ఈ హార్బరు లేదు," అన్నాను. హార్బరు తెరిచింది 1933లో. అప్పట్లో ఓడ దూరంగా సముద్రంలోనే ఆగేది, పడవలో ఒడ్డుకి రావాలి. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజ్ అలాంటి రోజుల్లో ఈ ఊళ్లో అడుగుపెట్టారు. తెలుగు నేర్చుకోవడానికి వాళ్ల చేతిలో ఏముంది? నిఘంటువు లేదు. ఇంగ్లీషువాళ్ల కోసం రాసిన తెలుగు వ్యాకరణాలు అచ్చులోకి రావడానికి ఇంకో పదేళ్లు పడుతుంది. సి.పి. బ్రౌన్ అప్పటికి పసివాడు. పంతులుగారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, వస్తువు చూపించి పేరు అడిగి, కాగితం మీద రాసుకుని, సాయంత్రం బజారుకి వెళ్లి ఆ మాట పలికితే జనం నవ్వుతారో, జవాబు చెబుతారో చూసుకోవడం. అదే వాళ్ల బడి.

తర్వాత ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడు, అప్పటికే క్రైస్తవం తీసుకున్నవాడు, వాళ్లతో చేరాడు. సువార్తలను తెలుగులోకి తేవడంలో ఆయన చెయ్యి పెద్దది. క్రాన్ 1809లో పోయాడు, డిగ్రాంజ్ 1810లో. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి. అచ్చయిన పుస్తకాన్ని ఆ ఇద్దరూ చేత్తో పట్టుకోలేదు. వాళ్ల తర్వాత వచ్చిన ఎడ్వర్డ్ ప్రిచెట్ కొత్త నిబంధన మొత్తం పూర్తి చేస్తే అది 1818లో మద్రాసులో వచ్చింది.

అమ్మాయి మెట్ల మీద కూర్చుని విన్నది. "ఐదేళ్లకే ఇద్దరూ పోతే ఏం సాధించినట్టు నాన్నా?" అని అడిగింది. నర్సు కదా, ముందు అదే లెక్క వస్తుంది. నేను వెంటనే జవాబు చెప్పలేదు. మా నాయనమ్మ చదువు రాకపోయినా "ఆదియందు వాక్యముండెను" అని తడుముకోకుండా అప్పజెప్పేది, అది గుర్తొచ్చింది. ఆవిడ క్రైస్తవురాలు కాదు. మా నాన్న రాత్రిళ్లు పైకి చదువుతుంటే వినీ వినీ పట్టుబడింది. ఆ మాట తెలుగు మాటగా ఆవిడ చెవిన పడడానికి ముందు ఎవరో ఇక్కడ వస్తువులు చూపించి పేర్లు అడిగారు.

రెండో రోజు, భీమిలి

ఆర్కే బీచ్ దాటాక 900కే బస్సులో కిటికీ సీటు దొరికితే అంతకన్నా ఏం కావాలి. రుషికొండ, మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బలు, అన్నీ కుడిచేతి సముద్రంతోపాటు వెనక్కి పోతుంటాయి. భీమిలిలో దిగి డచ్చివాళ్ల సమాధుల పక్కనుంచి లైట్‌హౌస్ వైపు నడిచాం.

ఇక్కడికి 1875లో కెనడా బాప్టిస్టులు వచ్చారు. అమ్మాయికి ఎక్కువ నచ్చింది వాళ్లు రావడం కాదు, వాళ్లని పంపిన వాళ్ల కథ. కెనడా తూర్పు కొసన నోవా స్కోషియాలో కాన్సో అనే చేపలు పట్టుకునే ఊరు ఉంది. హన్నా మరియా నోరిస్ అనే ఆ ఊరి అమ్మాయి మిషనరీగా వెళ్తానంటే పెద్దలు డబ్బులు లేవన్నారు. ఆమె 1870లో ఊరూరా తిరిగి ఆడవాళ్లని పోగుచేసి సంఘాలు పెట్టించింది. గుడ్లమ్మిన డబ్బు, కుట్టుపని డబ్బు, వారం వారం కొన్ని సెంట్లు. ఆ చిల్లరతోనే ఆమె బర్మా వెళ్లింది. ఆ సంఘాలు ఆగలేదు. కొన్నేళ్లకి అక్కడి బాప్టిస్టులు సయాంలో, అంటే ఇప్పటి థాయిలాండ్‌లో, కరెన్ అనే తెగ మధ్య పనిచేద్దామని వెళ్లి, అక్కడ కుదరక, అప్పటికే కాకినాడలో ఉన్న కెనడాలోని ఒంటారియో బాప్టిస్టుల పిలుపు మీద తెలుగు నేలకి మళ్లారు. భీమిలి, బొబ్బిలి, శ్రీకాకుళం వాళ్ల వంతుకి వచ్చాయి. విశాఖలో లండన్ మిషన్ వాళ్లు 1910లో తమ పని వీళ్లకే అప్పగించి వెళ్లారు. మన సీబీఎం కాంపౌండ్ పేరులో సీ అంటే కెనడాయే. రోజూ ఆటోవాడికి ఆ పేరు చెబుతాం, ఏమిటో అడగం.

ఒడ్డున వలలు ఆరేసి ఉన్నాయి. ఒకావిడ ఇసకలో టార్పాలిన్ పరిచి కవ్వళ్లు ఎండబెడుతోంది. మమ్మల్ని చూసి "ఏ ఊరమ్మా?" అని అడిగింది. మాటల్లో అమ్మాయి ప్రయాణం సంగతి వచ్చింది.

"ఆ దేశంలో సముద్రం ఉందేటి?"

"లేదు అత్తా. పెద్ద సరస్సు ఉంది. అవతలి ఒడ్డు కనబడదట."

"చేపలున్నాయా?"

"ఉన్నాయి. చంబో అని ఒక చేపుందట, చాలా రుచిగా ఉంటుందట."

"అయితే మనలాంటోళ్లే," అని ఆవిడ చేపలు తిరగేసుకుంది.

ఆ సరస్సు ఒడ్డునే, కేప్ మెక్లియర్ అనే చోట, స్కాట్లాండ్ మిషనరీలు మొదటిసారి ఇళ్లు కట్టుకున్నది కూడా 1875లోనే. భీమిలికి కెనడావాళ్లు వచ్చిన సంవత్సరమే. అక్కడ మలేరియా వాళ్లని ఒక్కొక్కరినీ తీసుకుపోయింది. ఇప్పటికీ చెట్ల కింద ఆ సమాధులు ఉన్నాయి. మిగిలినవాళ్లు చోటు మార్చి, చివరికి ఎత్తైన కొండ మీద స్థిరపడ్డారు. వాళ్లలో రాబర్ట్ లాస్ అనే డాక్టరు 1927 దాకా, అంటే యాభై రెండేళ్లు ఆ దేశంలోనే ఉన్నాడు. "రెండేళ్లకే మీ అమ్మ ఏడుస్తోంది," అన్నాను. అమ్మాయి మాట్లాడలేదు, నీళ్లలోకి దిగి చెప్పులు చేత్తో పట్టుకుని చాలాసేపు నడిచింది.

రాత్రికి విజయనగరం చేరాం.

మూడో రోజు, బొబ్బిలి మీదుగా సాలూరు

పొద్దున్నే పాసింజరులో బొబ్బిలి. కెనడావాళ్ల పాత బంగళాలు, బడులు ఇక్కడా ఉన్నాయిగాని నా మనసు సాలూరు మీదే ఉంది. అందుకని టిఫిన్ తిని, ఒకప్పుడు రైలుబస్సు నడిచిన ఆ దారి పక్కనే ఆర్టీసీ బస్సులో వెళ్లిపోయాం. సాలూరు దాటితే ఘాటీ, ఘాటీ ఎక్కితే ఒడిశా.

సాలూరుకి వచ్చింది జర్మన్లు. జర్మనీ ఉత్తర కొసన, డెన్మార్క్ సరిహద్దు దగ్గర బ్రెక్లుం అనే చిన్న ఊళ్లో ఒక పాస్టరు 1876లో మిషన్ మొదలుపెట్టాడు. 1882లో వాళ్ల మొదటివాళ్లు ఒడిశాలోని జైపూరు కొండల వైపు బయలుదేరారు. జ్వరాలు, తెలియని కొండ భాషలు. సాలూరులో వాళ్ల పని ఎక్కువగా గుర్తుండిపోయింది కుష్ఠురోగుల వల్ల.

ఈ జబ్బు గురించి అమ్మాయికి నాకన్నా ఎక్కువ తెలుసు. సూక్ష్మజీవిని హాన్సెన్ 1873లో కనిపెట్టాడు. కాని దానికి పనిచేసే మందు డాప్సోన్ 1940లలోగాని రాలేదు. ఈ మధ్యలో డెబ్బై ఏళ్లు ఏమిటి? పుండు కడగడం, కట్టు కట్టడం, అన్నం పెట్టడం, ముట్టుకోవడం. అంతే. 1980లలో రెండు మూడు మందులు కలిపి ఇవ్వడం మొదలయ్యాక ఆరు నెలలో, ఏడాదో వాడితే నయమైపోతోంది. మందు ఊరికే ఇస్తారు. కాని ఆలస్యంగా వచ్చినవాళ్లకి పోయిన స్పర్శ తిరిగి రాదు.

ఊరి బయట ఒక కాలనీలో నాకు తెలిసిన పెద్దాయన ఉన్నాడు. ఎప్పుడో నయమైపోయింది, చేతివేళ్లు మాత్రం సగమే మిగిలాయి. మేం వెళ్లేసరికి అరుగు మీద కూర్చుని ప్లాస్టిక్ బేసిన్‌లో రెండు పాదాలూ పెట్టుకుని ఉన్నాడు. ఇరవై నిమిషాలు నానబెట్టాలి. తర్వాత గరుకు రాయితో మడమ మీద గట్టిపడ్డ చర్మాన్ని మెల్లగా గీకాడు, నొప్పి తెలియదు కాబట్టి ఎక్కడ ఆపాలో కంటితోనే చూసుకోవాలి. నీళ్లు పూర్తిగా ఆరకముందే నూనె రాశాడు. చిన్న అద్దం తీసి అరికాలి కింద పెట్టి పగుళ్లు వెతికాడు. కన్ను ఆనలేదు. మనవరాలిని కేకేశాడు. ఆ పిల్ల వచ్చి తాత పాదం ఒళ్లో పెట్టుకుని వేళ్ల సందుల్లో చూసి "నేదు తాతా, ఏం నేదు" అంది. అప్పుడు మెత్తటి రబ్బరు అట్ట వేసిన చెప్పులు తొడుక్కున్నాడు.

"ముల్లు దిగితే నాకు తెల్దు. సాయంత్రం నెత్తురు సూసి తెలుసుకోడమే," అన్నాడు.

అమ్మాయి ఆయన పక్కనే అరుగు మీద కూర్చుంది. చిన్నప్పుడు ఆసుపత్రిలో ఎలా చూసేవారు తాతయ్యా అని అడిగింది. ఆయన మందుల గురించి చెప్పలేదు, ఆపరేషన్ గురించి చెప్పలేదు. "దొరసానమ్మ ఉండేది. పొద్దున్నే మంచం కాడికొచ్చి పేరెట్టి పిలిచి, రాత్రి నిద్దరట్టిందేటి అనడిగేది. మన మాటే. తిడితే కూడా మన మాటే తిట్టేది. ఆయమ్మ తిడితే మాకు నవ్వొచ్చీది," అన్నాడు. యాభై అరవై ఏళ్లయింది ఆ మాటకి. ఆయన గుర్తుపెట్టుకున్నది తిట్టు.

రాత్రి లాడ్జిలో అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది. ఇది అడుగుతుందని నాకు తెలుసు. "మందిచ్చి మతం మార్చారని అందరూ అంటారు కదా నాన్నా. నిజం కాదా?"

దాచాల్సిందేమీ లేదు. అలాంటివి జరిగాయి, ఇప్పటికీ కొన్నిచోట్ల జరుగుతున్నాయి. ఆకలితో ఉన్నవాడికి అన్నం చూపించి బాప్తిస్మం అడిగితే అది సువార్త కాదు, బేరం. నేను ముప్పై ఏళ్లుగా క్రైస్తవ సంఘంలో ఉన్నాను, ఈ మాట మా వాళ్ల ముందే చాలాసార్లు అన్నాను, కొందరికి కోపం వచ్చింది కూడా. మా ఇంటి సంగతే చెప్పాను. మా నాన్న మిషన్ బడిలో చదువుకుని, పంతొమ్మిదో ఏట, ఎవరూ అడగకుండా బాప్తిస్మం తీసుకున్నాడు. మా నాయనమ్మ చివరిదాకా ఊరి అమ్మవారికి ముర్రాటలు పోసింది. రెండూ ఒకే ఇంట్లో జరిగాయి.

ఘాటీకి అవతల, ఒడిశాలోనే, గ్రాహం స్టెయిన్స్ అనే ఆస్ట్రేలియా మిషనరీ బారిపదలో కుష్ఠురోగుల ఆశ్రమం చూసుకునేవాడు. 1999 జనవరిలో మనోహర్‌పూర్ పల్లెలో ఆయన్నీ ఇద్దరు కొడుకుల్నీ జీపులోనే కాల్చేశారు. భార్య గ్లాడిస్ చంపినవాళ్లని క్షమిస్తున్నానంది. అని వెళ్లిపోలేదు, 2004 దాకా ఆ రోగుల దగ్గరే ఉంది. ఈ సంగతి అమ్మాయికి చెప్పాలా వద్దా అని ఆలోచించాను. దూరదేశం వెళ్లే పిల్లకి తండ్రి చెప్పే మాటేనా? కాని తెలిసి వెళ్లడమే మంచిదనిపించింది.

నాలుగో రోజు, సీతంపేట కొండలు

పార్వతీపురం, వీరఘట్టం, పాలకొండ. బస్సులు మారి మారి మధ్యాహ్నానికి సీతంపేట చేరాం. వారపు సంత రోజు కాదు కాబట్టి ఊరు ఖాళీగా ఉంది. రోడ్డు పక్కన కొండచీపుర్లు, పసుపు కొమ్ములు పెట్టుకుని ఇద్దరు ఆడవాళ్లు కూర్చున్నారు. ఒక తెలిసిన మాస్టారి బండి మీద ఒకరి తర్వాత ఒకరం పైన సవర గిరిజనుల పల్లెకి వెళ్లాం. జీడితోటలు, కోతకొచ్చిన చోడిచేను.

ఆ పల్లెలో ఒక ముసలావిడ జ్వరంతో పడుకుని ఉంది. మనుమడు పదో తరగతి కుర్రాడు, వాడికి తెలుగు బాగా వచ్చు. అమ్మాయి నాడి చూసింది, కళ్లు చూసింది. ఎన్ని రోజులనుంచి, ఎక్కడ నొప్పి అని అడిగింది. కుర్రాడు సవర భాషలో అడిగాడు. ఆవిడ చాలాసేపు మాట్లాడింది. చేతులు ఊపింది, కొండవైపు చూపించింది, ఒకసారి గొంతు పూడుకుపోయింది. కుర్రాడు మా వైపు తిరిగి "ఒళ్లు నొప్పులంట" అన్నాడు.

అంతే. అమ్మాయి నా మొహం చూసింది. నేను తల తిప్పుకున్నాను.

రక్తపరీక్షకి తీసుకెళ్లమని, నీళ్లు కాచి తాగించమని చెప్పి, ఆవిడని కిందికి పంపే ఏర్పాటు మాస్టారికి అప్పగించి వచ్చేశాం. మలేరియా ఉన్న కొండలు, ఆలస్యం చేయకూడదు. దిగే దారిలో బండి ఆపించి ఒక చింతచెట్టు కింద కూర్చున్నాం. అప్పుడు చెప్పాను.

కిందటేడు ఒక విదేశీ బృందం పదిరోజుల కోసం వచ్చింది. మంచివాళ్లు, సొంత ఖర్చులతో వచ్చారు. పల్లెల్లో వైద్య శిబిరాలు పెట్టారు. ఇంగ్లీషు వచ్చు కాబట్టి నన్ను ట్రాన్స్‌లేటర్‌గా పెట్టుకున్నారు. ఒక ఊళ్లో మధ్యాహ్నం రెండు దాటింది, లైన్లో ఇంకా వందమంది ఉన్నారు. ఒక ముసలమ్మ వచ్చి కూర్చుంది. కడుపు మీద చెయ్యి పెట్టుకుని అంది: "బాబూ, కడుపులో మంట కాదు. మా పెద్దోడు సచ్చిపోయిన కాడ్నుంచి ముద్ద దిగట్నేదు. ఆడు తినకుండా నానెలా తినీది? రాత్రేళ ఆడు తలుపు కొట్టినట్టుంటది." ఇంకా చాలా చెప్పింది. డాక్టరు నా వైపు చూశాడు. నేను రెండే మాటలు అన్నాను, కడుపు నొప్పి అని. ఆయన గ్యాస్ మాత్రలు రాశాడు. ఆవిడ ఆ కవరు చేత్తో పట్టుకుని కాసేపు అక్కడే కూర్చుంది, ఇంకేదో జవాబు వస్తుందేమోనని. వెనకవాళ్లు లేవమన్నారు. లేచి వెళ్లిపోయింది.

తప్పు డాక్టరుది కాదు. ఆయనకి నేను చెప్పిందే తెలుసు. ఆవిడ ఒక కొడుకుని పోగొట్టుకున్న సంగతి నా నోటి దగ్గర ఆగిపోయింది. ఆ రాత్రినుంచి నాకు ఆ ముసలమ్మ కవరు పట్టుకుని కూర్చున్నట్టే కనిపిస్తుంది. వారం తర్వాత ఆ ఊరు వెళ్లి వెతికితే కూతురి దగ్గరికి వెళ్లిపోయిందన్నారు.

"నీ ఒప్పందంలో ఏముంది తల్లీ? దిగిన మూడోరోజు నుంచే వార్డు డ్యూటీ, పక్కన ఒక ట్రాన్స్‌లేటర్," అన్నాను. "అతను నాలాంటివాడైతే?"

అమ్మాయి ఏడ్చింది. నేను కూడా.

కాసేపటికి తనకి గిడుగు రామమూర్తి పంతులుగారి సంగతి చెప్పాను. ఆయన మిషనరీ కాదు, క్రైస్తవుడు కాదు. పర్లాకిమిడిలో మాస్టారు. ఈ సవరలు కోర్టులోనూ బజారులోనూ మాట రాక మోసపోవడం చూసి, సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఏళ్లతరబడి ఆ భాష నేర్చుకున్నాడు. పిల్లలకి సొంత డబ్బుతో బడి పెట్టాడు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి. ఈ కొండల్లో తిరగడం వల్ల పట్టుకున్న జ్వరాలకి క్వినైన్ మింగీ మింగీ చెవుడు తెచ్చుకున్నాడు. ఒక భాష వినడం కోసం వినికిడి పోగొట్టుకున్న మనిషి. ఆయన పుట్టినరోజున తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం, సవరల సంగతి మాత్రం పెద్దగా ఎవరూ తలుచుకోరు.

అమ్మాయి ఫోన్ తీసి మలావిలో మాట్లాడే చిచేవా భాషలో తను నేర్చుకున్న నాలుగు మాటలు వినిపించింది. ములి బ్వాంజీ అంటే ఎలా ఉన్నారు. జికోమో అంటే థాంక్స్. "ఎలా ఉన్నారు అని అడగడం వచ్చు నాన్నా. వాళ్లు చెప్పే జవాబే రాదు," అంది.

ఐదో రోజు, సోంపేట, బారువ

కొత్తూరు, పాతపట్నం, టెక్కలి మీదుగా మా సొంత ప్రాంతం. పలాస దాటితే గాలిలోనే జీడిపిక్కల వాసన, కొబ్బరితోటల నీడ.

సోంపేట కెనడా మిషన్ ఆసుపత్రి అంటే మా తరానికి కళ్ల ఆసుపత్రి. బెన్ గల్లిసన్ అనే డాక్టరు 1930లలో వచ్చి ముప్పై ఏళ్లకి పైగా ఇక్కడున్నాడు. శుక్లాలతో చూపు పోయినవాళ్లు ఒడిశా నుంచి కూడా ఎడ్లబండ్లలో వచ్చేవారు. సెలవులకి కెనడా వెళ్లినప్పుడు ఆయన కాల్గరీలో ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారికి, ఇరవై ఐదు డాలర్లుంటే ఒక మనిషికి చూపు వస్తుందని చెప్పాడు. ఆ ఒక్కమాట మీద 1963లో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ పుట్టింది. ఇప్పుడు అది ఆఫ్రికా దేశాల్లో కూడా పనిచేస్తోంది. మన సోంపేట ముసలమ్మల కళ్లనుంచి మొదలైన పని అది.

మా నాయనమ్మ కన్ను ఇక్కడే. నాకు ఏడేళ్లు. అప్పటి ఆపరేషన్ ఇప్పటిలా పావుగంటలో అయ్యేది కాదు. తల కదలకూడదని రెండు పక్కలా ఇసక సంచులు పెట్టారు. రోజులతరబడి వెల్లకిలా పడుకోవాలి, దగ్గకూడదు, నవ్వకూడదు. మా నాన్న పక్కన కూర్చుని చెంచాతో జావ పట్టేవాడు. కట్టు విప్పాక సీసా అడుగంత మందం అద్దాలు ఇచ్చారు. ఇంటికొచ్చిన మర్నాడు ఆవిడ చేట తెమ్మంది. వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరింది. ఒక్కో రాయీ తీసి నా అరచేతిలో పెట్టి "ఇదిగో, ఇది రాయి" అంది. ఆరేడు రాళ్లు. నేను వాటిని చాలారోజులు అగ్గిపెట్టెలో దాచుకున్నాను.

ఆసుపత్రి ఆవరణలో పాత వరండా స్తంభానికి ఆనుకుని ఇదంతా చెబుతుంటే అమ్మాయి నవ్వింది, "ఈ రాళ్ల కథ నాకెప్పుడూ చెప్పలేదే" అంది. అవును, చెప్పలేదు.

సాయంత్రం బారువ తీరానికి వెళ్లాం. ఈ సముద్రం మీదుగా వెళ్లిన మనవాళ్ల సంగతి చెప్పకుండా ఉండలేకపోయాను. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ కూలీలని దక్షిణాఫ్రికాలో డర్బన్‌కి చేర్చింది. తర్వాత యాభై ఏళ్లలో మన విశాఖ, గంజాం జిల్లాలనుంచి ఎందరో చెరకు తోటల్లో పనికి వెళ్లారు. ఐదేళ్ల ఒప్పందం మీద వేలిముద్ర వేసి వెళ్లినవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య అనే బోధకుడు భార్యాబిడ్డలతో వాళ్ల దగ్గరికి వెళ్లాడు. ఆయన్ని పంపింది తెల్లవాళ్ల సంఘం కాదు, తెలుగు బాప్టిస్టులు చందాలు పోగేసి పంపారు. కియర్స్‌నీ అనే తేయాకు తోటలో కూలీల మధ్య ఉంటూ తెలుగులో ఆరాధన నడిపాడు, పిల్లలకి బడి పెట్టాడు, 1915లో అక్కడే పోయాడు.

"తెలుగువాళ్లం ఆఫ్రికాకి ఇలా వెళ్లడం నీతో మొదలు కాదమ్మా," అన్నాను.

"ఆయన తెలుగువాళ్ల దగ్గరికి వెళ్లాడు నాన్నా. ఆయనకి మాట ఉంది," అంది. అని ఇసకలో కూర్చుని, సిగ్నల్ కోసం ఫోన్ పైకెత్తి పట్టుకుని, మలావి ఆసుపత్రి మేట్రన్‌కి మెసేజ్ టైపు చేసింది. మొదటి మూడు నెలలు జీతం లేకపోయినా పర్లేదు, వార్డు వద్దు, ఏదైనా పల్లె ఇంట్లో ఉండి భాష నేర్చుకుంటాను, ఒప్పుకుంటారా అని. పంపేముందు నాకు చూపించింది. నేను ఒక్క మాట కూడా మార్చలేదు.

ఆరో రోజు, తిరుగు రైలు

సోంపేట స్టేషన్లో రైలు ఎక్కేసరికి కిక్కిరిసి ఉంది. అమ్మాయికి సీటు దొరికింది, నేను ఆమదాలవలస దాకా నిలబడ్డాను. విజయనగరం దాటాక జవాబు వచ్చింది. ఒప్పుకున్నారు. ఆసుపత్రికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఒక వితంతువు ఇంట్లో గది ఉంది. ఆవిడకి ఇంగ్లీషు రాదు. కరెంటు లేదు. రోజూ మొక్కజొన్న పిండి ఉడికించిన న్సిమా, ఆకుకూర. మేకలున్నాయి, వాటిని కాయడానికి కూడా వెళ్లాల్సి వస్తుందని చివర్లో రాసింది మేట్రన్.

ఇంటికి చేరేసరికి చీకటిపడింది. అమ్మాయి చెప్పులు విప్పకుండానే వాళ్లమ్మకి మెసేజ్ అంతా చదివి వినిపించింది. సర్దిన పెట్టె మళ్లీ విప్పి, రెండు జతల బూట్లు తీసేసి, ఆ చోట్లో నోటుపుస్తకాలు పెట్టింది.

"కరెంటు లేని ఇంట్లో మూడు నెలలా?" అంది వాళ్లమ్మ. ఎవరం జవాబు చెప్పలేదు. కాసేపు మంచం మీద కూర్చుంది. తర్వాత స్టూలు వేయించుకుని, హుద్‌హుద్ తుఫానప్పుడు కొన్న సోలార్ లాంతరు బీరువా మీదనుంచి దింపించి, కొంగుతో దుమ్ము తుడిచి, వెలుగుతుందో లేదో చూడమని నాకిచ్చింది.